మేడమ్‌ని అడిగిన మూడో ప్రశ్న

మా మేడమ్ పోయారు. పోయిన నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం, నేను ఆరో తరగతి పిల్లలకు యూనిట్ టెస్టు పెడుతుండగా, ఆసుపత్రివాళ్ళు మా ఆయనకు ఫోన్ చేశారు. ఆయన ఇక్కడ కువైత్‌లో, అల్ రాయ్‌లో ఒక కార్ల షెడ్డులో మెకానిక్. ఏదో బండి కింద పడుకుని ఉన్నవాడు బయటికి వచ్చి, నూనె చేతులతోనే నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. నేను పిల్లల పేపర్లు తీసుకుని, కట్ట కట్టి, ఆఫీసులో ఇచ్చి, అప్పుడు స్టాఫ్‌రూములో ఆమె కుర్చీ పక్కన నా కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఈ నాలుగు మాటలు ఆమెను పొగడటానికి రాయడం లేదు. పొగిడితే ఎర్ర పెన్ను తీసి కొట్టేసేవారు. ఒక వీడ్కోలు సభలో ఎవరో ఆమెను 'జ్ఞానజ్యోతి' అంటే, మైకు అందుకుని, 'ఆ జ్యోతికి ఈ నెల కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది, ఎవరు కడతారు?' అని అడిగిన మనిషి ఆమె. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఉన్నది మరీ బాగా లేదని ముందే చెబుతున్నాను.

ఆమె మా స్కూల్లో పెద్ద తరగతులకు ఇంగ్లీషు చెప్పేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా కువైత్ వచ్చారు, ఇక్కడే తల నెరిసింది. మండుటెండలో కూడా గంజి పెట్టిన నేతచీర కట్టేవారు. ఖుబూస్ రొట్టెను గోంగూర పచ్చడితో తినేవారు. ఎవరైనా 'ఎలా ఉన్నారు మేడమ్' అని అడిగితే నిజంగానే చెప్పేవారు, మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి. అందుకని చాలామంది అడగడం మానేశారు.

నేను రాయచోటి ముస్లిం ఇంటి ఆడపిల్లను. చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. దూరవిద్యలో ఎం.ఏ. కట్టినప్పుడు, మధ్యయుగాల ఆంగ్ల సాహిత్యం అనే పేపరు దగ్గర నా బండి ఇసుకలో దిగబడిపోయింది. ప్రతి పేజీలో పాపం, పశ్చాత్తాపం, దేవదూతలు, దెయ్యాలు. ఇది సాహిత్యమా, చర్చిలో ప్రసంగమా అని స్టాఫ్‌రూములో విసుక్కుంటుంటే మేడమ్ విన్నారు. శుక్రవారం సాయంత్రాలు ఫర్వానియాలోని తమ ఫ్లాటుకు రమ్మన్నారు. మా ఆయన నన్ను దింపి, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవాడు.

"ఏమ్మాయ్, ఆ కాలపు ఇంగ్లీషువాడు పద్యం రాసినా, నాటకం ఆడినా, బూతు కథ చెప్పినా, వెనకాల ఒక ఫాదర్ గారు నిలబడి ఉంటారు. ముందు అది గుర్తుపెట్టుకో" అన్నారు మొదటి రోజే.

"బూతు కథలో గూడానా మేడమ్?"

"అందులో ఇంకా దగ్గరికొచ్చి నిలబడతారు. సరిగ్గా వినపడాలి కదా!"

అలా మొదలైంది. ఆ పాత భాషను ఆమె చదువుతుంటే ముందు ఏమీ అర్థమయ్యేది కాదు. తర్వాత తెలుగులో చెప్పేవారు. అప్పుడు పాపాలు మనుషులై లేచి వచ్చేవి. గర్వం కొత్త బట్టలు వేసుకుని వచ్చేది, అసూయ పాలిపోయిన మొహంతో వచ్చేది, తిండిపోతు చర్చికి బయలుదేరి దారిలో కల్లంగడి వాసనకు ఆగిపోయేవాడు. ఏడు పాపాలకూ మన స్టాఫ్‌రూములో ఒక్కొక్కరిని వెతుక్కుని రమ్మని నాకు హోంవర్క్ ఇచ్చారు. నేను సంబరంగా వెతికి, సోమరితనానికి, ఇక్కడ వారం మొదలయ్యే ఆదివారం, మొదటి పీరియడుకు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే లెక్కల సారు పేరు చెప్పాను. మేడమ్ ఒప్పుకోలేదు. ఆ కాలంవాళ్ళు సోమరితనం అన్నది ఒంటి బద్ధకాన్ని కాదు, మనసు బద్ధకాన్ని అన్నారు. మంచి చెయ్యాలని తెలిసీ మనసు లేవకపోవడం. దాని బిడ్డే నిరాశ అన్నారు. ఇక నాకు దేవుడి దయ కూడా అందదు అనుకునే నిరాశ, వాళ్ళ లెక్కలో, మహా పాపం.

"అయితే మేడమ్, దిగులుపడినోళ్ళంతా పాపులేనా?" అని అడిగాను.

"దిగులు పాపం కాదమ్మా. దిగుల్లో కాపురం పెట్టడం పాపం" అన్నారు.

ఆ లెక్కన నేను ఈ నెలంతా పాపంలోనే ఉన్నాను. కాపురం పెట్టాను, పొయ్యి కూడా వెలిగించాను.

ఒక శుక్రవారం ఆ రోజుల నాటకాల గురించి చెప్పారు. ఊళ్ళో ఒక్కో వృత్తివాళ్ళు బైబిల్లో ఒక్కో ఘట్టాన్ని ఆడేవారట, బండి మీద, వీధి వీధికీ తిప్పుతూ. ఓడలు కట్టేవాళ్ళకు జలప్రళయం, రొట్టెలు చేసేవాళ్ళకు చివరి విందు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విని, "మెకానిక్కులకు ఏం ఇస్తారు మేడమ్?" అన్నాడు.

"నీకు నరకం వాకిలి ఇస్తానయ్యా. పొగ, మంట, డబడబా చప్పుడు. ఇంకెవరు చెయ్యగలరు?"

ఆయన ఆ మాటను షెడ్డులో అందరికీ చెప్పుకున్నాడు. వేసవిలో ఎవరైనా ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, నరకం వాకిట్లో అనేవాడు. నవ్వుకునే రోజులు అవి. అట్లాంటివి ఇంకా చాలా ఉన్నాయి కానీ, రాస్తూ ఉంటే ఆమె ఉన్నట్టే అనిపించి, వాక్యం అయిపోగానే లేరని గుర్తొస్తోంది. ఆపేస్తాను.

ఇక అసలు సంగతి. మధ్యయుగాల చివర్లో, చావడం ఎలాగో నేర్పే చిన్న పుస్తకాలు వచ్చాయని మేడమ్ చెప్పారు. ఊళ్ళకు ఊళ్ళు తెగుళ్ళతో తుడిచిపెట్టుకుపోయిన కాలం. ఫాదర్ అందరి మంచాల దగ్గరికీ చేరలేడు. అందుకని పక్కింటివాడైనా, స్నేహితుడైనా, చచ్చిపోతున్న మనిషి పక్కన కూర్చుని అడగవలసిన ప్రశ్నలు రాసి పెట్టారు. ఎవరు ఎవరినైనా అడగవచ్చు. అకస్మాత్తుగా, సిద్ధపడకుండా పోవడమే వాళ్ళకు అన్నిటికన్నా భయం. నిద్రలో హాయిగా పోయారు అని మనం సంతోషంగా చెప్పుకునే చావుంది చూడండి, అది వాళ్ళకు శాపం కింద లెక్క.

ఆ పద్ధతిని కుదించి, మేడమ్ తెలుగులో మూడు ప్రశ్నలు చేసుకున్నారు. నమ్ముతున్నావా? నీ తప్పులు తప్పులని ఒప్పుకుంటున్నావా? నీకు కీడు చేసినవాళ్ళను క్షమిస్తున్నావా? నా చేత పాఠంలాగా అప్పజెప్పించుకున్నారు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, ఏమీ జరగనట్టు, "నా టైమ్ వచ్చినప్పుడు నువ్వే అడగాలమ్మాయ్" అన్నారు.

"నేనెట్లా అడిగేది మేడమ్? మా మతం వేరు గదా. మీ చర్చిలో ఎవురూ లేరా?"

"మీ ఇంట్లో పోయేవాళ్ళ చెవిలో కలిమా చెబుతారు కదా. ఎందుకు చెబుతారో నీకు తెలుసు. అది తెలిసినవాళ్ళు కావాలి నాకు. చర్చిలో వాళ్ళంతా, మీకేం కాదు మేడమ్ గారూ, లేచి తిరుగుతారు అంటారు. ఓదార్చడానికి అబద్ధం చెబితే ఆ ఓదార్పు చెప్పినవాళ్ళకేనమ్మా, విన్నవాళ్ళకి కాదు."

మా దాదీ పోయేటప్పుడు, ఆఖరి మాట దేవుడి మాటే కావాలని, మా నాయన ఆమె చెవి దగ్గర వంగి కలిమా చెప్పడం, ఆమె పెదవులు కదలడం నేను చూశాను. కాబట్టి కాదనలేకపోయాను. సరే అన్నాక ఆమె ఇంకో మాట చెప్పారు.

"మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోతాను. అప్పుడు నన్ను వదలకు. మళ్ళీ అడుగు. అవునని అనేదాకా అడుగుతూనే ఉండు."

ఎందుకు ఆగిపోతారో ఆ సాయంత్రమే చెప్పారు. ఆమెకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళమ్మ పోయినప్పుడు మేడమ్ ఇక్కడ బోర్డు పరీక్షల పనిలో ఉన్నారు. గల్ఫ్‌లో బతికే మనందరి ఇళ్ళలో ఉన్న అలవాటే అది. అంత దూరంలో ఉన్నవాళ్ళకు ఆ కబురు ఎందుకు, సెలవు దొరకదు, ఒంటరిగా ఏడుస్తుంది, అని తమ్ముడు చెప్పలేదు. వాళ్ళమ్మ మంచాన ఉన్నన్నాళ్ళూ ఫోన్‌లో 'అమ్మ పడుకుందక్కా' అన్నాడు. సమాధి చేశాక కూడా కొన్నాళ్ళు అదే మాట అన్నాడు. చివరికి ఊరి మనిషి ఒకామె చర్చి మెట్ల మీద మేడమ్‌ని పట్టుకుని పరామర్శిస్తే తెలిసింది. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. అతను ఎన్నిసార్లు ఫోన్ చేసినా తియ్యలేదు.

"ప్రేమతోనే చేశాడని తెలుసు. అదే క్షమించలేకపోతున్నాను. పగతో చేసుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. మా అమ్మ పక్కన నేను కూర్చోవలసిన కుర్చీ అది. వాడు తీసి అవతల పడేశాడు" అన్నారు.

ఇతరుల దగ్గర కూడా ఆమె ఆ సంగతి దాచలేదు. ఒకసారి ఆమె ఇంటికి అర్దియాలో ఇంటిపని చేసే గోదావరి అమ్మాయి వచ్చింది. చర్చిలో మేడమ్ ఎప్పుడూ ఆఖరి వరసలో, ఇళ్ళలో పనిచేసే ఆ ఆడవాళ్ళ మధ్యనే కూర్చునేవారు. ఇంటి యజమానురాలిని వాళ్ళు మామా అంటారు. ఆ అమ్మాయి ఏడుస్తూ, "మా మామా నన్ను దొంగనందండి. ఆ గొలుసు ఆళ్ళ పిల్ల బేగ్గులోనే దొరికిందండి. దొరికినా ఒక్క మాటన్లేదండి. పాస్టరుగారేమో క్షమించెయ్యమంటన్నారు. క్షమించెయ్యాలాండి?" అని అడిగింది.

మేడమ్ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "పాస్టరుగారు చెప్పింది నిజమేనమ్మా. చెప్పే అర్హత మాత్రం నాకు లేదు. నేను నా తమ్ముణ్ణే క్షమించలేదు" అన్నారు. ఆ అమ్మాయి ఏడుపు ఆపి, మేడమ్ వైపు జాలిగా చూసింది. తర్వాత తనే లేచి ఇద్దరికీ టీ పెట్టింది.

ఇన్నాళ్ళూ పాపపుణ్యాల సాహిత్యం బోధించిన మనిషికి ఒక్క మనిషిని క్షమించడం చేతకాలేదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఒకసారి అడిగేశాను కూడా. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు కూడా చేతకాలేదు కాబట్టే అన్ని పుస్తకాలు రాశారు అని నవ్వారు. ఏటా ఈస్టర్ ముందు తమ్ముడికి ఫోన్ చెయ్యాలని నంబరు తీసి చూసుకునేవారట. ఈసారి చేస్తాను అని ఈ ఏడాది కూడా అన్నారు.

ఈస్టర్ ఇంకా రాలేదు. ఒక సోమవారం పొద్దున స్కూలు వ్యాను కింద హారన్ కొడుతున్నా ఆమె దిగలేదు. డ్రైవరు వాచ్‌మన్‌ను తీసుకుని పైకి వెళ్ళి తలుపు తెరిపించాడు. వంటగదిలో పడిపోయి ఉన్నారు. మెదడులో రక్తనాళం చిట్లింది అన్నారు డాక్టర్లు.

నేను ఐసీయూలోకి వెళ్ళేసరికి నోట్లో గొట్టం ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. మలయాళీ నర్సు నా వైపు చూసి, "బోలో మేడమ్, షాయద్ సున్‌తీ హై" అంది. వింటుందేమో, మాట్లాడమని. నేను వంగి చెవి దగ్గర మొదటి ప్రశ్న అడిగాను. ఆగాను. రెండోది అడిగాను. ఆగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడోది అడిగాను. మేడమ్, మీకు కీడు చేసినవాళ్ళను క్షమిస్తున్నారా? మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మాట ఇచ్చాను కాబట్టి మళ్ళీ అడిగాను. తమ్ముడి పేరు పెట్టి అడిగాను. వేలు కదిలిందేమోనని చూశాను, కనురెప్ప కదిలిందేమోనని చూశాను. లేనిది ఉందని రాయను, ఏదీ కదలలేదు. చూసే టైమ్ అయిపోయేదాకా అడుగుతూనే ఉన్నాను. గార్డు వచ్చి "ఖలాస్ సిస్టర్, యల్లా" అని తలుపు చూపించాడు.

బయటికి రాగానే ఒక ఆలోచన వచ్చింది. నా గొంతుకు పలకకపోతే తమ్ముడి గొంతుకు పలుకుతారేమో. ఫోన్ చెవి దగ్గర పెడితే చాలు. స్కూలు ఆఫీసులో నంబరు తీసుకుని రాజమండ్రికి చేశాను. ఆయన భార్య ఎత్తారు. సంగతి చెప్పగానే ఆమె ఏడ్చేశారు.

"ఆయనకి మొన్నే గుండె ఆపరేషన్ అయ్యిందండీ. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఇప్పుడీ కబురు చెవినేస్తే ఆయన దక్కరండి. మీకు దణ్ణం పెడతాను, ఆయనకి చెప్పకండి."

నేనేం చెయ్యాలి? ఆమె భర్త ఆయన. డాక్టరును అడిగారా అంటే, డాక్టరే వద్దన్నారు అన్నారు ఆమె. నేను ఫోన్ పట్టుకుని ఆసుపత్రి నడవాలో గోడకు ఆనుకుని నిలబడిపోయాను. ప్రేమతోనే. మళ్ళీ ప్రేమతోనే. మంగళవారం కూడా వెళ్ళి అవే అడిగాను. బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

మేడమ్ మేనల్లుడు కాగితాలు పంపాడు. శవాన్ని ఊరికి తెస్తే తండ్రికి తెలిసిపోతుందని, ఇక్కడే క్రైస్తవుల శ్మశానంలో సమాధి చెయ్యమన్నాడు. చర్చివాళ్ళు వచ్చారు, స్కూలువాళ్ళు వచ్చారు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళలో మామాలు పంపినవాళ్ళు మాత్రమే రాగలిగారు. వాళ్ళు పాడుతుంటే మా ఆయన తల మీద టోపీ పెట్టుకుని, నేను కొంగు కప్పుకుని, పక్కన నిలబడ్డాం. ఆ మంచి మనిషి తాను జీవితమంతా భయపడిన చావే చచ్చిపోయారు. దేవుడి దయ గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పవద్దని అనిపించింది.

పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశారు. ఇంటికి వచ్చాక చెప్పారట. గొంతు నీరసంగా ఉంది. "అమ్మా, నువ్వేనా మా అక్కయ్య దగ్గరున్నది?" అన్నారు. అవునన్నాను. "నేను మా అక్కయ్యకి చేసిందే నాకూ చేశారమ్మా. అది ఎలా ఉంటదో ఇప్పుడు తెలిసింది" అన్నారు. తర్వాత అసలు మాట అడిగారు. "చివర్లో నా పేరెత్తిందా? నన్ను క్షమించిందా అమ్మా?"

మా ఆయన పక్కనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "క్షమించిందని చెప్పు మే! నీ సొమ్మేం పోతాది? బతికిపోతాడు గదా ఆయన" అని గొణిగాడు. నిజమే, నా సొమ్మేం పోదు. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అబద్ధం చెబితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది, అందుకే చెప్పలేకపోయాను.

"నేను అడిగినానన్నా. మీ పేరు పెట్టే అడిగినాను. ఆమె పలకలేదు. పలికే స్థితిలో లేదు" అన్నాను.

అవతల ఊపిరి వినిపిస్తోంది. ఆయన పడిపోతారేమోనని భయపడ్డాను. "నిజం చెప్పావు, సంతోషం" అన్నారు. తర్వాత చిన్నపిల్లవాడిలా, "ఇంకొక్కసారి అడగవా అమ్మా? నన్ను కూడా విననీ" అన్నారు.

నిన్న శుక్రవారం, ఎండ తగ్గాక, మా ఆయన నన్ను శ్మశానానికి తీసుకెళ్ళాడు. రాయి ఇంకా పెట్టలేదు. ఇసుక దిబ్బ, నంబరు వేసిన రేకు ముక్క, అంతే. రాజమండ్రికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్‌ను ఇసుక దగ్గరగా పట్టుకున్నాను. మేడమ్, మీ తమ్ముడు వింటున్నారు, ఆయన్ని క్షమిస్తున్నారా అని అడిగాను. గాలికి ఇసుక లేచి ఫోన్ అద్దం మీద పడుతోంది, నేను కొంగుతో తుడుస్తున్నాను. అవతల ఆయన దగ్గును కూడా ఆపుకుంటున్నారు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయనా పెట్టెయ్యలేదు.